పాసేజీలో ఉన్నదానికే మార్కు

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఒక ఊరు. మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ చదువుతోంది. డిసెంబరులో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. నమూనా పరీక్షల్లో ఇంగ్లిష్ విభాగంలోని 24 ప్రశ్నలూ రాస్తే పదికి మించి ఒప్పు కావడం లేదు. పదాల పుస్తకం కొనిస్తే రోజూ బట్టీ పడుతోంది, మార్కులు మాత్రం కదలడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పదాల పుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టించండి. 2020 నుంచి క్లాట్‌లో దాదాపు 450 పదాల పాసేజీ ఇచ్చి దాని మీదే ప్రశ్నలు అడుగుతున్నారు. పదానికి అర్థం అడిగినా, ఆ వాక్యంలో దానికి ఏ అర్థం వస్తుందనే అడుగుతారు. న్యాయ, తార్కిక విభాగాలూ కరెంట్ అఫైర్సూ పాసేజీలతోనే వస్తాయి కనుక, ఇక్కడి లోపం ఒక్క ఇంగ్లిష్ మార్కులతో ఆగదు.

పది ఒప్పై పద్నాలుగు తప్పైతే, తప్పుకు 0.25 చొప్పున 3.5 పోయి మీ అమ్మాయి చేతికి వచ్చేది 6.5 మాత్రమే. కాబట్టి మరో నమూనా పరీక్ష రాసే ముందు పాత పేపరు తీసి, తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ సరైన జవాబుకు ఆధారమైన వాక్యం పాసేజీలో ఎక్కడుందో వెతికి పెన్సిలుతో గీత గీయమనండి. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది పదం తెలియక కాదు, విషయం ముందే తెలిసి ఉండటం వల్ల తప్పు చేస్తుంటారు.

ఒక పాసేజీలో ఇలా ఉందనుకోండి: ‘బోర్లు వచ్చాక రైతు చెరువు మీద ఆధారపడటం తగ్గింది. అయితే చెరువును పట్టించుకోవడం మానేసిన ఊళ్లలో కొన్నేళ్లకు బోర్లలోనూ నీళ్లు అడుగంటాయి.’ రచయిత ఏమంటున్నాడన్నది ప్రశ్న. బోర్ల కోసం అప్పులు చేసి రైతులు చితికిపోయారన్నది ఒక ఆప్షను, బోర్ల వల్ల రైతుకు ఏ మేలూ జరగలేదన్నది రెండోది, చెరువును వదిలేస్తే బోరుకూ నీరు దక్కదన్నది మూడోది. పాలమూరు పిల్ల చెయ్యి మొదటిదాని మీదికే పోతుంది, ఎందుకంటే అది తన ఊళ్లో కళ్లారా చూసిన నిజం. కానీ ఆ రెండు వాక్యాల్లో అప్పు ఊసే లేదు. రెండోదానిలో ‘ఏ మేలూ’ అన్న మాట రచయిత అన్నదానికి మించిపోయింది. మూడోదాన్ని పట్టించేది ‘అయితే’ అన్న ఒక్క మాటే. ఇంగ్లిష్‌లో బట్, హౌఎవర్, యెట్ కనిపించిన చోట ఆగి చదవడం అలవాటైతే రచయిత అసలు మాట చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇక సాధన. రోజూ ఇంగ్లిష్ దినపత్రికలో ఒక సంపాదకీయం చదివి, ప్రతి పేరా పక్కన ఆ పేరాలో రచయిత ఏం చేస్తున్నాడో, అంటే ఫిర్యాదు చేస్తున్నాడా, ఉదాహరణ ఇస్తున్నాడా, ఎదుటివారి వాదాన్ని కొట్టేస్తున్నాడా అన్నది తెలుగులో ఒక్క వాక్యం రాయమనండి. తెలుగులో రాయడం నామోషీ అని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు గాని, అర్థమైందో లేదో తేలేది సొంత భాషలో చెప్పినప్పుడే. కొన్ని వారాలకు ఆ వాక్యం రాయకుండానే మనసులో మెదులుతుంది.

గడియారాన్ని మొదటి మూడు వారాలు దగ్గర పెట్టవద్దు. ఆ తర్వాత మాత్రం తప్పదు, ఎందుకంటే 120 ప్రశ్నలకు ఉన్నది 120 నిమిషాలు, అంటే ఆరు ప్రశ్నలున్న పాసేజీకి ఆరు నిమిషాలు. నిమిషానికి వంద పదాలు చదివితే 450 పదాలకు నాలుగున్నర నిమిషాలు పోయి జవాబులకు ఒకటిన్నర మిగులుతుంది. నూటయాభై చదివితే మూడు మిగులుతాయి. చదివిన వాక్యం మీదికి మళ్లీ మళ్లీ వెనక్కి పోయే అలవాటు ఉంటే, వేలిని వరుస వెంట నడుపుతూ చదివించండి. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగిన ప్రశ్నకు జవాబు పెట్టవచ్చు, నాలుగూ ఒకేలా కనిపిస్తే వదిలేయమనండి.

రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష అయిన తెలంగాణ లాసెట్‌కు దరఖాస్తు కూడా తప్పక చేయించండి. అందులో ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు.