సైటు పోయింది, టొరెంటు పోలేదు

ప్రశ్న: పాత లినక్స్ ఐఎస్‌వో (ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) ఒకటి టొరెంట్‌లో దించుకుంటున్నాను. 2 జీబీ ఫైలు వారం రోజులుగా 99.2 శాతం దగ్గరే నిలిచిపోయింది. ఆ టొరెంటు ఇచ్చిన సైటు ఎప్పుడో మూతపడింది. మరి ఇంతవరకు ఎలా వచ్చింది? మిగతాది ఎందుకు రావట్లేదు?
– డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ సైటులో ఫైలు ఏనాడూ లేదండీ, ఉన్నది ముక్కల పట్టీ మాత్రమే. టొరెంట్‌లో ఫైలును చిన్న ముక్కలు చేసి, వాడేవాళ్లు ఒకరి కంప్యూటర్ నుంచి ఒకరు తీసుకుంటారు. 1999లో వచ్చిన పాటల పంపకం సేవ నాప్‌స్టర్‌లో ఏ పాట ఎవరి దగ్గరుందో చెప్పే జాబితా కంపెనీ సర్వర్లలో ఉండేది. అందుకే 2001లో కోర్టు ఉత్తర్వుతో ఆ పంపకం ఆగిపోయింది. అదే ఏడాది బ్రామ్ కోహెన్ తెచ్చిన బిట్‌టొరెంట్‌లో, 2005 నుంచి ఆ జాబితాను కూడా వాడేవాళ్ల కంప్యూటర్లకే పంచేశారు. దాన్నే డీహెచ్‌టీ అంటారు. ప్రతి టొరెంటుకూ, ప్రతి కంప్యూటరుకూ 160 బిట్ల నంబరు ఉంటుంది. మీ టొరెంటుకు దగ్గరి నంబరున్న కంప్యూటర్లు దాని పీర్ల (ఆ ఫైలును పంచుకుంటున్న కంప్యూటర్ల) చిరునామాలు దాచుకుంటాయి. అఫ్జల్‌గంజ్‌లో దిగి లాడ్ బజార్‌లోని ఒక గాజుల కొట్టు అడిగితే ‘పత్తర్‌గట్టీలో అడగండి’ అంటారు, అక్కడివాళ్లు ‘చార్మినార్ దగ్గర అడగండి’ అంటారు. ఇదీ అంతే. తాళం వెయ్యడానికి ఒక తలుపంటూ లేదు.

అలాగని కనిపించకుండా ఉంటామనుకోవద్దు. మీ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) ప్రతి పీరుకూ తెలుస్తుంది, దించుతూనే పంచుతుంటారు కూడా. మీ లినక్స్‌కు ఇబ్బంది లేదు. కొత్త సినిమాలైతే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు.

ఇక మీ 99.2. ముక్క 1 ఎంబీ అయితే మొత్తం 2048 ముక్కలు, మీకు రానివి సుమారు 16. క్లయింట్‌లో (టొరెంట్ దించే సాఫ్ట్‌వేర్‌లో) ‘అవైలబిలిటీ’ అంకె చూడండి. పీర్ల దగ్గర ఎన్ని పూర్తి కాపీలకు సరిపడా ముక్కలున్నాయో అది చెబుతుంది. 1 కంటే తక్కువుంటే ఆ ముక్కలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరా లేవు. ఉన్నవన్నీ అందరికీ చేరిపోయాయి కాబట్టి పీర్లంతా 99.2 దగ్గరే కనిపిస్తారు. అంకె 1 దాటినా రాకపోతే కనెక్షన్ చూడండి: రూటర్‌లో వాన్ ఐపీ (బయటి వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీ పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్లను మీ కంప్యూటరుకు మళ్లించే రూటర్ సెట్టింగ్) వృథా, మీ ఇంటర్నెట్ కంపెనీని పబ్లిక్ ఐపీ అడగండి.

ముక్కలే లేకపోతే ఒక దారుంది. అదే ఐఎస్‌వో మిత్రుల దగ్గరో, పాత డీవీడీలోనో వెతకండి. టొరెంటును పాజ్ చేసి, మీ అరకొర ఫైలును వేరేచోట కాపీ పెట్టుకుని, దొరికినదాన్ని అదే పేరుతో అదే ఫోల్డరులో పెట్టి ‘ఫోర్స్ రీచెక్’ నొక్కండి. ప్రతి ముక్కకూ 20 బైట్ల ఎస్‌హెచ్‌ఏ-1 గుర్తు టొరెంటులో ఉంటుంది, సరిపోయినవే నిలుస్తాయి. నూరు శాతం అయ్యాక క్లయింట్ మూయకండి. మీతోపాటు ఆగినవాళ్లకు ఆ 16 ముక్కలు ఇవ్వగలిగింది అప్పటికి మీరొక్కరే.