షోలవరం బండిని కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను, కొన్నిటిని పెద్దవి చేసి మరీ చూశాను. ఆవడి షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్నది నువ్వు అనుకుంటున్న బండే. ముందు చక్రాల మీద రేకును చేత్తో కొట్టి వెడల్పు చేసిన తీరు, డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ మీటరు కోసం కోసిన గుండ్రటి కంత నాకు బాగా గుర్తు. రేసుల కోసం మార్చిన ఆ ప్రీమియర్ పద్మిని కారు పరుగు చూడడానికే మేము చెన్నై దగ్గరి షోలవరం వెళ్లిన రోజులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు నడిపేవాళ్లు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ వచ్చాక ఆ సందడి అటు వెళ్లిపోయింది. ఈ బండి మాత్రం చేతులు మారుతూ ఇదిగో ఈ స్థితికి వచ్చింది. చూస్తే మనసు కలుక్కుమంది.

కొనమని గానీ వద్దని గానీ ఇప్పుడే చెప్పను. కొంటే మాత్రం ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న పద్మినిని బాగు చేయడం పెద్ద విద్య కాదు. 68 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), 75 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 1089 సీసీ. అన్ని కొలతలకూ మాన్యువల్ ఉంది, ఆ ఇంజిన్ తెలిసిన చేతులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. నువ్వు కొనబోతున్న బండికి ఆ మాన్యువల్ సగమే వర్తిస్తుంది. మిగతా సగం దాన్ని తీర్చిదిద్దిన మనిషి మనసులో ఉండేది, ఆయన ఇప్పుడు లేరు. తరువాతి యజమానులు పోగొట్టింది విడిభాగాలను మాత్రమే అయితే డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చు. పోయింది ఆ సమాచారం. ఇంజిన్ పైమూత అయిన హెడ్‌ను ఎంత ఫేసింగ్ చేశారు (చెక్కారు), వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఎవరి చేత గ్రైండింగ్ చేయించారు, కార్బరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్లు ఏవి వేశారు అన్నది తెలియకుండా స్పానర్ పట్టుకున్న ప్రతివాడూ తనకు తెలిసిన మామూలు పద్మిని లెక్కతో దాన్ని సరిచేయబోయి ఇంకొంచెం చెడగొట్టాడు. అందుకే నీ మొదటి పని ఒక లావుపాటి నోటుపుస్తకం కొనడం. ఆ బండి మాన్యువల్ ఇక నువ్వే రాయాలి.

అంతకంటే ముందు కాగితాలు. ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూడు. ఇలాంటి బండ్లు తరచూ సంతకాలు పెట్టి ఖాళీగా వదిలేసిన 29, 30 నంబరు యాజమాన్య బదిలీ ఫారాలతోనే చేతులు మారుతుంటాయి, ఆర్‌సీ మొదటి మనిషి పేరునే ఉండిపోతుంది. ఈ బండిని తీర్చిదిద్దిన మొదటి యజమాని చనిపోయారు కాబట్టి వారసులు ముందు 31వ ఫారంతో తమ పేరుకు మార్చుకోవాలి, ఆ తరువాతే నీ పేరుకు. మూడక్షరాల పాత నంబరు కదా, కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో ఆర్టీఓ ఆఫీసులో అడుగు. పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి గనుక 25వ ఫారంతో రిజిస్ట్రేషన్ పునరుద్ధరించి ఉండాలి, దానితోపాటు గ్రీన్ ట్యాక్సు కూడా. ఇంజిన్ బ్లాకు మీద, బాడీ మీద కొట్టిన నంబర్లు రెండూ ఆర్‌సీతో సరిపోవాలి. టార్చి వేసి, తుప్పు తుడిచి, నీ కళ్లతో నువ్వే చదువు. నంబరు అరగదీసినట్టు కనిపిస్తే బేరం అక్కడే ఆపెయ్.

చట్టం సంగతి కూడా సూటిగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. 2021 నాటి కేంద్ర నిబంధనల్లోని వింటేజ్ నమోదు 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు జరగని బండ్లకే. మనది ఆ దారిలో వెళ్లదు. కాబట్టి రోడ్డు మీద తిప్పాలా, ట్రాక్ మీదనే నడపాలా అన్నది మొదటే తేల్చుకో. రోడ్డు మీదకైతే ఆర్టీఓ అంగీకరించే రూపానికి తీసుకురావాలి, బీమా కంపెనీకి ఏదీ దాచకూడదు. దాచిన మార్పు ప్రమాదం జరిగిన రోజే బయటపడుతుంది, అప్పుడు క్లెయిము చేతికి రాదు. నా అభిప్రాయం అడిగితే దీన్ని ట్రాక్ బండిగానే నిలబెట్టాలి. అది పుట్టిందే అందుకు.

ఇక బండి దగ్గరకు. ఇంజిన్ స్టార్ట్ అవుతుందో లేదో చూద్దామని అమ్మేవాడు బ్యాటరీ తెస్తాడు. వద్దని చెప్పు. ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండరు గోడకు పట్టుకుని ఉంటాయి, స్టార్టరు ఒక్క తిప్పు తిప్పితే రింగు విరిగి గోడ గీసుకుపోతుంది. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో కాస్త నూనె పోసి, రెండు మూడు రోజులు అలాగే వదిలెయ్యాలి. తరువాత క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. తిరగకపోతే బలం వాడకు, హెడ్ విప్పు. బలవంతం చేసిన చోటల్లా ఖర్చు రెండింతలవుతుంది.

బండి నీళ్లలో మునిగిందా అన్నది ఈ ఊళ్లో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. 2015 డిసెంబరు వరదలో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో మన ఊళ్లో ఎన్ని బండ్లు మునిగాయో నీకు తెలుసు. అమ్మేవాడి మాట మీద ఆధారపడకు. కార్పెట్ ఎత్తి కింద ఒండ్రు ఉందేమో చూడు, సీట్ల స్ప్రింగుల మీద గోధుమరంగు గీత ఉందేమో చూడు, హెడ్‌లైట్ల లోపల బురద చార కోసం వెతుకు. పద్మినికి లారీలా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బండి బరువు మోస్తుంది. తలుపుల కింద ఉండే పెట్టెలాంటి రేకులు, ఫ్లోరు, వెనక లీఫ్ స్ప్రింగులు బిగించే చోట్లు తుప్పు పట్టాయంటే అది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. చిన్న అయస్కాంతం పట్టుకెళ్లు. అది అంటుకోని చోట రేకు లేదు, పుట్టీయో ఫైబరో ఉంది. నాలుగో ఫొటోలో డ్రైవరు తలుపు కింద మెరుపు నాకు నచ్చలేదు. అక్కడ రంగు మరీ నున్నగా ఉంది.

అదే ఫొటోలో ఇంకొకటి కనిపించింది, దాని గురించి గట్టిగా చెప్పాలి. బరువు వెనక్కి పడడానికి ఆయన బ్యాటరీని డిక్కీలోకి మార్చారు, మంచి ఆలోచనే. అయితే ఇప్పుడు కనిపిస్తున్న ఎర్ర కేబులు ఆయన వేసింది కాదు. ఎవరో తరువాత మ్యూజిక్ సిస్టం కోసం సన్న తీగను టేపు చుట్టి తలుపు పక్కన రేకు అంచు మీదుగా లాగారు, ఫ్యూజు కనిపించడం లేదు. ఆ తొడుగు అరిగి రేకుకు తగిలిన క్షణం బండి అంటుకుంటుంది. నువ్వు ముట్టుకోకముందే బ్యాటరీ తీగ విప్పించు. తరువాత మొత్తం వైరింగు కొత్తది వేయించు, బ్యాటరీకి జానెడు దూరంలోనే పెద్ద ఫ్యూజు పెట్టించు. ఇందులో పొదుపు మాట ఎత్తకు.

ఇంజిన్ విప్పినప్పుడు అసలు పరిశోధన మొదలవుతుంది, నాకు ఇష్టమైన భాగం కూడా ఇదే. పిస్టన్ తల మీద ఓవర్‌సైజు అంకె కొట్టి ఉంటుంది, బోరు ఎంతవరకు వెళ్లిందో అదే చెబుతుంది. 69 మిల్లీమీటర్ల దాకా వెళ్లి ఉంటే అది 1122 సీసీ ఇంజిన్ అయినట్టు. హెడ్‌ను బల్ల మీద సమంగా బోర్లించి, వాల్వులు మూసి, ప్లగ్గు బిగించి, పైన కంత ఉన్న గాజు పలక పెట్టి, బ్యూరెట్‌తో కిరోసిన్ పోసి ఒక్కో చాంబరులో ఎన్ని సీసీలు పడుతుందో కొలిపించు. మామూలు బోరుకు ఒక సిలిండరు 272 సీసీ. చాంబరు, గాస్కెట్ మందం, పిస్టన్ పైన మిగిలిన చోటు కలిపి 34 సీసీ వస్తే కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) తొమ్మిదికి ఒకటి. 30 వస్తే పది దాటింది. ఈ ఒక్క అంకె చేతిలో లేకుండా ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణం) పెట్టేవాడిని దగ్గరకు రానీయకు. మామూలు పద్మిని టైమింగు పెట్టి ఎండాకాలం మధ్యాహ్నం నడిపితే ఇంజిన్ టకటకమని కొట్టుకుని పిస్టన్ కరిగిపోతుంది. క్యామ్‌ను కూడా డయల్ గేజి పెట్టి, డిగ్రీల చక్రం తగిలించి, వాల్వు ఎంత లేస్తోంది, ఎప్పుడు తెరుచుకుంటోంది అన్నది నోటుపుస్తకంలోకి ఎక్కించు. ఈ పని ఓపికగా చేసేవాళ్లు అంబత్తూరు, పాడి లేత్ షాపుల్లో దొరుకుతారు. తొందరపడే షాపును వదిలేసి వయసు మళ్లిన మిషనిస్టు ఉన్న చోటికి వెళ్లు.

రెండు కార్బరేటర్లు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది, గమనించావా? కార్బరేటర్ నుంచి ఇంజిన్‌కు మిశ్రమం చేరవేసే మానిఫోల్డు కూడా మామూలుది వేశారు. పెద్ద క్యామ్, ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌కు అది సరిపోయే ఊపిరి కాదు. "పికప్ లేదు" అని ఒకరి తరువాత ఒకరు అమ్ముకోవడానికి కారణం అదే అయి ఉంటుంది. ఆ జంట కార్బరేటర్లు ఎక్కడో ఉన్నాయని నా నమ్మకం. అలాంటివి ఎవరూ పారేయరు, అటక మీద పెడతారు.

అందుకే మధ్యలో వచ్చిన యజమానులందరినీ వెతుకు, ఒక్కొక్కరి ఇంటికీ స్వయంగా వెళ్లు. వాళ్లను నిందించే గొంతుతో వెళ్లకు. కాలేజీ రోజుల్లో మోజుపడి కొని, పెట్రోలు ఖర్చు భరించలేక వదిలేసిన కుర్రాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి, ఆ బండి పేరెత్తితే అతని కళ్లు వెలుగుతాయి. వదిలేశానన్న బాధ లోపల ఉంటుంది. గౌరవంగా అడిగితే ఫొటోలు తీస్తాడు, బిల్లులు తీస్తాడు, అటక మీది అట్టపెట్టె దింపుతాడు. మొదటాయన కుటుంబం విల్లివాక్కంలో ఉందని విన్నాను, మన తెలుగువాళ్లే. ఆయన చేతిరాత ఉన్న చిన్న కాగితం దొరికినా నీకు ఎన్నో నెలల పని తగ్గుతుంది.

విప్పేటప్పుడు ప్రతిదాన్నీ ముందు ఫొటో తియ్యి. బోల్టులను విడివిడి కవర్లలో వేసి పేరు రాసిపెట్టు. వికారంగా కనిపించే బ్రాకెట్టును చూసి మీ టింకరింగ్ వాళ్లు కోసేస్తామంటారు, కోయనివ్వకు. చేత్తో వెల్డింగు చేసిన ఆ ముక్క ఏదో ఒక అవసరానికే అక్కడ ఉంది. ఆ అవసరం నీకు అర్థమయ్యే దాకా అది అక్కడే ఉండాలి.

ఇప్పటి పెట్రోలు గురించి కూడా తెలుసుకో. బంకుల్లో వచ్చేదానిలో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఆ రోజుల నాటి రబ్బరు పైపులు, కార్బరేటర్ సీళ్లు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. అది గాలిలోని తేమను పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పు కూడా పట్టిస్తుంది. పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించు. ఇథనాల్ కలిస్తే గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది గనుక జెట్లు ఒక మెట్టు పెంచాల్సి రావచ్చు, ప్లగ్గుల రంగు చూసి తేల్చుకోవాలి. ఇంజిన్ ఆయిల్ విషయంలో కొత్త కార్లకు పోసే పలచటి సింథటిక్ జోలికి వెళ్లకు. ఇలాంటి పాత ట్యాపెట్లకు జింకు ఎక్కువ ఉన్న 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలే మేలు.

సామాన్ల కోసం పుదుపేట వెళ్లేటప్పుడు పాత ముక్క చేతిలో పట్టుకెళ్లు, ఫోనులో ఫొటో చాలదు. పక్కపక్కన పెట్టి కొలిచి కొను, బిల్లు అడుగు, నంబరున్న ఇంజిన్ బ్లాకు అయితే కాగితాలు లేకుండా ముట్టుకోకు. రబ్బరు బీడింగులు, లైట్లు జీపీ రోడ్డులో చూడు.

డబ్బు ఖర్చు పెట్టే వరస మాత్రం నా మాట విను. ముందు బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండి అది. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, హోసులు అన్నీ కొత్తవి కావాలి, ఎందుకంటే పాత బ్రేకు నూనె తేమ పీల్చి లోపల తుప్పు పట్టించి ఉంటుంది. తరువాత స్టీరింగు కీళ్లు, ముందు సస్పెన్షన్ బుషులు, ఎవరో ఎత్తు పెంచడానికి దూర్చిన ఆ స్పేసర్లు తీసేయడం. టైర్లకు ఎంత గీత మిగిలినా పక్కన కొట్టిన నాలుగంకెలు చదువు. 2308 అంటే 2008వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. అలాంటివి బండిని షెడ్డు నుంచి బయటకు నెట్టడానికి మాత్రమే పనికొస్తాయి. ఆపై వైరింగు, బాడీ తుప్పు, ఇంజిన్. రంగు అన్నిటికంటే చివర. ముందే రంగు వేయించిన బండ్లు ఇంజిన్ లేకుండా ఏళ్లకేళ్లు షెడ్లలో మెరుస్తూ నిలబడి ఉండడం ఎన్నోసార్లు చూశాను, చాలా బాధగా ఉంటుంది.

ధర విషయం. వాళ్లు అడుగుతున్నది షోలవరం పేరుకు, నువ్వు ఇవ్వాల్సింది ఇప్పుడున్న ఇనుముకు. ఆర్‌సీ తేలకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకు. కాగితాలు సరిగా ఉండి, తలుపుల కింద రేకు గట్టిగా ఉంటే ఇంజిన్ ఎంత పాడైనా కొను. రేకు పోయి ఉంటే ఇంజిన్ ఎంత బాగున్నా వద్దు.

వచ్చే ఆదివారం ఎండెక్కకముందే ఆవడి వెళ్దాం, నేను పెరంబూరులో రైలు ఎక్కుతాను. టార్చి, అయస్కాంతం, వైరు బ్రష్షు, ఆర్‌సీ నకలు తీసుకురా. అమ్మేవాడికి ముందే ఫోను చేసి, మేము వచ్చేదాకా బ్యాటరీ తగిలించవద్దని మరొక్కసారి చెప్పు.

మీ మామయ్య
పెరంబూరు, చెన్నై