స్లాట్ తర్వాత, ముందు స్పెక్ట్రం

చి. బుజ్జికి,

హైదరాబాద్ సీసీఎంబీలో క్రయో-ఈఎం (ప్రొటీన్‌ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చిత్రం తీసే పరికరం) స్లాట్ దొరికిందని రాశావు, సంతోషం. అయితే శుద్ధమైన ప్రొటీన్ ఇంకా చేతికి రాలేదు, అప్పుడే శాంపిల్ పెట్టే గ్రిడ్ల గురించి టెన్షన్ ఎందుకు?

ముందు కల్చర్ సీసాల దగ్గర పెట్టిన ఆ బల్బులు మార్చు. తెల్ల ఎల్‌ఈడీ వెలుగు మన కంటికి బాగానే ఉంటుంది కానీ వెలుతురుతో బతికే మన బ్యాక్టీరియా రోడోబాక్టర్‌కి సరిపోదు. దాని పిగ్మెంట్ బ్యాక్టీరియోక్లోరోఫిల్ ముఖ్యంగా పట్టుకునేది 800-900 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌ని, ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు. ట్రూప్ బజార్‌లో పాత ఫిలమెంట్ బల్బులు దొరుకుతాయేమో అడుగు. కాకపోతే మన మే నెల ఎండకి వాటి వేడి తోడైతే సీసాలు ఉడికిపోతాయి. మధ్యలో నీళ్ల తొట్టి పెట్టి, 30 డిగ్రీల దగ్గర ఉంచు.

ఇక కణం పొర (మెంబ్రేన్) నుంచి ప్రొటీన్‌ని విడదీసే డిటర్జెంట్. పక్క ల్యాబ్ వాళ్లు ఎల్‌డీఏఓ ఇచ్చారని అదే వాడకు. అది కాస్త మొరటుది, రియాక్షన్ సెంటర్ (వెలుతురుతో ఎలక్ట్రాన్‌ని కదిలించే ప్రొటీన్) చుట్టూ ఉన్న, వెలుతురు పోగుచేసే ఎల్‌హెచ్1 వలయాన్ని ఊడదీస్తుంది. నీకు కావలసింది వలయంతో సహా కాబట్టి డీడీఎం అనే మెత్తటి డిటర్జెంట్ మేలు. అలాగని ఎల్‌డీఏఓని తీసిపారేయకు. మెంబ్రేన్ ప్రొటీన్లు స్ఫటికాలు కట్టవని చాలామంది అనుకుంటున్న రోజుల్లో, 1982లో జర్మన్ శాస్త్రవేత్త హార్ట్‌ముట్ మిషెల్ విరిడిస్ అనే బ్యాక్టీరియా రియాక్షన్ సెంటర్‌ని స్ఫటికంగా తెచ్చింది దానితోనే. హెప్టేన్‌ట్రయోల్ అనే చిన్న అణువుని కూడా కలిపాడు. ప్రొటీన్ నడుముకి చుట్టుకున్న డిటర్జెంట్ పట్టీని అది సన్నబరుస్తుంది. 1985లో నిర్మాణం, 1988లో డైజెన్‌హోఫర్, హ్యూబర్‌లతో కలిసి నోబెల్. నాకైతే ఆ కథలో అసలు హీరో ఆ చిన్న అణువే అనిపిస్తుంది.

మన ప్రొటీన్‌కి రంగు ఉండటం అదృష్టం. వేరే మెంబ్రేన్ ప్రొటీన్ల వాళ్లకి ఈ సుఖం లేదు. ప్రతి దశ తర్వాతా స్పెక్ట్రం (ఏ వెలుగుని ఎంత పీల్చుకుంటోందో చూపే గ్రాఫ్) తీయి. 770 నానోమీటర్ల దగ్గర కొత్తగా బుడిపె లేచిందంటే పిగ్మెంట్ ఊడి బయటికొస్తోందని అనుమానించు. ఎప్పుడైనా రియాక్షన్ సెంటర్ ఒక్కదాన్నే తీస్తే, వెలుతురులో 865 శిఖరం పడిపోయిందని కంగారుపడకు. దాని నడుమ ఉన్న బ్యాక్టీరియోక్లోరోఫిల్ జంట (స్పెషల్ పెయిర్) ఎలక్ట్రాన్ పోగొట్టుకుంది, అంతే. చీకట్లో ఉంచితే శిఖరం తిరిగి లేస్తుంది, లేచిందంటే ప్రొటీన్ పనిచేస్తున్నట్టే.

చివర్లో గాఢత పెంచేటప్పుడు 30 కిలోడాల్టన్ల ఫిల్టర్ వద్దు. ప్రొటీన్‌తోపాటు ఖాళీ మైసెల్స్ (ప్రొటీన్ లేని డిటర్జెంట్ గుళికలు) కూడా పోగుపడి చిత్రం మసకబారుతుంది. మీ కాంప్లెక్స్ పెద్దదే కాబట్టి 100ది ధైర్యంగా వాడొచ్చు.

స్లాట్ వాయిదా వేయమని అడగడానికి మొహమాటపడకు. డీడీఎంతో తీసిన మొదటి స్పెక్ట్రం వాట్సాప్‌లో పంపు, చూస్తాను.

మీ పెద్దనాన్న