ఫర్నేస్ 850 డిగ్రీలు చూపిస్తుంటే జిర్కోనియా ఎలా గట్టిపడింది?

మామూలుగా 1400 డిగ్రీల సెల్సియస్‌కు పైన గంటల తరబడి కాలిస్తే తప్ప గట్టిపడని జిర్కోనియా అనే సిరామిక్ పొడి, విద్యుత్ క్షేత్రం పెట్టగానే 850 డిగ్రీల వద్దే సెకన్లలో ఎలా కుదించుకుపోతుందని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా ఈ ఫ్లాష్ సింటరింగ్ (విద్యుత్ క్షేత్రంతో పొడిని సెకన్లలో గట్టిపరచడం) మీదే కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఆ 850 డిగ్రీలు ఫర్నేస్‌వి, నమూనావి కావు.

2010లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మార్కో కొలోన్యా, రిషి రాజ్ తదితరులు 3 మోల్ శాతం యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియాకు సెంటీమీటరుకు 120 వోల్టుల క్షేత్రం ఇచ్చి, 5 సెకన్ల లోపే దాన్ని దాదాపు పూర్తి సాంద్రతకు తెచ్చారు. చల్లగా ఉన్నప్పుడు విద్యుత్ బంధకమైన ఈ పదార్థంలో, వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ ఖాళీల (స్ఫటికంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట మిగిలిన ఖాళీ స్థానాల) గుండా అయాన్లు కదలడం పెరిగి నిరోధం పడిపోతుంది; వోల్టేజీ మారదు కనుక నిరోధం తగ్గినంతగా కరెంటూ, దానితోపాటు వేడీ పెరుగుతాయి; ఆ వేడి నిరోధాన్ని ఇంకా తగ్గిస్తుంది. పుట్టే వేడి బయటికి పోయే వేడిని మించిన క్షణంలో నమూనా ధగ్గున వెలుగుతుంది. 1897లో వాల్టర్ నెర్న్‌స్ట్ ఇలాంటి సిరామిక్ కడ్డీతోనే దీపం తయారుచేశాడు. కడ్డీని ముందుగా వేడిచేసి, వెలిగాక కరెంట్ హద్దు మీరకుండా వరుసలో వేరే నిరోధాన్ని పెట్టవలసివచ్చేది.

ఆ హద్దు ఎంత ముఖ్యమో నాకు నమూనాలు పాడుచేసుకున్నాకే తెలిసింది. పవర్ సప్లైలో కరెంట్ పరిమితిని అజాగ్రత్తగా ఎక్కువ పెట్టినందువల్ల కరెంటంతా ఒక సన్నని దారినే పట్టి, అక్కడ పదార్థం కరిగినట్టయి, పక్క భాగం సుద్దముక్కలా మిగిలిపోయింది. డీసీ మీద ఎక్కువసేపు ఉంచినవి ఆక్సిజన్ కోల్పోయి ఋణధ్రువం వైపు నుంచి నల్లబడ్డాయి. ఏసీకి మారాక ఆ బెడద చాలావరకు తగ్గింది.

క్షేత్రానికి వేడి పుట్టించడం కాక వేరే ప్రభావం ఉందా అన్నది ఇంకా వాదనే. క్షేత్రం లేకుండా అంతే వేగంగా వేడిచేసినా దాదాపు అంతే త్వరగా గట్టిపడుతుందని 2017లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి కనుక, జిర్కోనియా మటుకు ప్రధాన కారణం వేడెక్కే వేగమేనని నేను నమ్ముతాను. మీ నమూనాలో సాంద్రత చాలకపోతే మాత్రం వోల్టేజీ జోలికి పోకండి. అది ఫ్లాష్ ఏ ఉష్ణోగ్రత వద్ద మొదలవ్వాలో నిర్ణయిస్తుంది, చివరి సాంద్రత ప్రధానంగా మీరు పెట్టిన కరెంట్ పరిమితి మీద ఆధారపడుతుంది, కనుక దాన్నే కొద్దికొద్దిగా పెంచి చూడండి.