పొగడ్తకు కూపన్, ఫిర్యాదుకు ప్యాకెట్... అడిగితే వచ్చేదెంత?

ప్రశ్న: మాది కాకినాడ. మా వారి జీతం నెలకు రూ.46,000. ఇద్దరు పిల్లలు. కంపెనీలకు మెచ్చుకుంటూనో, ఫిర్యాదు చేస్తూనో మెయిల్ పెడితే సరుకులు ఉచితంగా పంపిస్తాయని, నెలకు రూ.3,000 దాకా మిగుల్చుకోవచ్చని వీడియోల్లో చెబుతున్నారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచుకు నిజంగానే కూపన్లు వస్తున్నాయట. రోజూ ఓ గంట కేటాయించగలను. ఎవరికి, ఎలా రాయాలి? లోపం లేకపోయినా ఏదో ఒకటి రాస్తే తప్పా? - ఒక గృహిణి

జవాబు: మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడదాం. తప్పే. లేని పురుగును ఉందని రాసి ప్యాకెట్ తెప్పించుకోవడం మోసం కిందికే వస్తుంది. ఇక ఆ రూ.3,000 లెక్క మన దగ్గర కుదరదు. ఏడాది పొడవునా రాసినా సరుకుల రూపంలో వచ్చేది వందల్లోనే ఉంటుంది, అదీ కొన్న వస్తువుకు బదులుగా వచ్చేదే ఎక్కువ. కాబట్టి మీ గంటలో పావు భాగం సరుకుల కంపెనీలకు, ముప్పావు భాగం బ్యాంకుకు, కార్డు కంపెనీకి ఇవ్వండి. రాబడి అటువైపే ఉంది.

మీ ఆడపడుచుగారికి కూపన్లు రావడం నిజమే అయ్యుంటుంది. అక్కడ కంపెనీ పంపిన కూపన్‌ను సూపర్ మార్కెట్ తీసుకుని, ఆ సొమ్మును తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకునే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. మన వీధి కిరాణా కొట్టుకు అలాంటిది లేదు. ఏ సబ్బు కంపెనీయో మీకు కూపన్ పంపినా దాన్ని ఎక్కడ మార్చుకుంటారు? అందుకే ఇక్కడి కంపెనీలు ఇవ్వదలచుకుంటే వస్తువునే ఇస్తాయి, సాధారణంగా ఆ ఊరి డిస్ట్రిబ్యూటర్ మనిషి చేత. మనిషిని పంపాలంటే కంపెనీకి ఒక కారణం కావాలి, ఆ కారణం ఫిర్యాదే. మెచ్చుకోలు ఉత్తరానికి ఇక్కడ ఎక్కువసార్లు దక్కేది ధన్యవాదాల మెయిల్ ఒక్కటే.

అయినా మెచ్చుకోవాలనిపిస్తే ‘మీ టీ పొడి చాలా బాగుంది’ అని రాయకండి. అలాంటివి చదివేవారు ఉండరు. ఎన్నేళ్లుగా ఎంత సైజు ప్యాకెట్ వాడుతున్నారు, కొత్త ప్యాకింగ్‌లో ఏది నచ్చింది, ఏది ఇబ్బందిగా ఉంది, ఈ మూడూ నాలుగు వాక్యాల్లో రాయండి. చిన్న, కొత్త కంపెనీలకు ఇలాంటి మాట అవసరం. పెద్దవాటి కన్నా అవే తిరిగి పలకరిస్తాయి. సర్వీస్ మెకానిక్‌నో, డెలివరీ కుర్రాడినో మెచ్చుకోదలిస్తే పేరు, తేదీ, జాబ్ నంబరు (ఆ పనికి కంపెనీ ఇచ్చిన నంబరు) రాయండి. మీకేమీ రాకపోయినా ఆ మనిషికి పనికొస్తుంది.

ఇప్పుడు ఫిర్యాదు. మన ఇళ్లలో కేసు ఓడిపోయేది వంటింట్లోనే. రవ్వో కందిపప్పో తేగానే ప్యాకెట్ కత్తిరించి డబ్బాలో పోసేసి, కవరు చెత్తబుట్టలో వేస్తాం. వారం తర్వాత పురుగు కనిపిస్తే బ్యాచ్ నంబరు ఉండదు. అది లేకుండా ఏ కంపెనీ కదలదు. అందుకని కవరు మీద బ్యాచ్ నంబరు, ప్యాక్ చేసిన తేదీ, ధర అచ్చు వేసిన ముక్కను కత్తిరించి, తెరిచిన తేదీ దాని మీద రాసి, డబ్బా మూత కింద పెట్టుకోండి. సరుకు అయిపోయాక పారేయొచ్చు.

ఎవరికి రాయాలో కూడా ఆ కవరు మీదే ఉంటుంది. ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనలు (2011) ప్రకారం ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు, మెయిల్, చిరునామా ముద్రించి తీరాలి. నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ దొంగ కస్టమర్ కేర్ నంబర్లు పొంచి ఉంటాయి. ‘డబ్బు వాపసు చేస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి’ అంటూ ఖాతా ఊడ్చేస్తారు. అలా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఏది లోపం, ఏది కాదో తెలియకుండా రాస్తే పరువు పోతుంది. ఎండాకాలంలో కరిగి మళ్లీ గట్టిపడిన చాక్లెట్ మీద తెల్లటి పొర కనిపిస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కొవ్వు. తేనె పేరుకోవడం కల్తీకి గుర్తు కాదు. చిప్స్ ప్యాకెట్ ఉబ్బి ఉండటం కావాలని నింపిన నైట్రోజన్ వల్ల. కానీ పాల ప్యాకెట్టో, పండ్లరసం డబ్బానో ఉబ్బితే మాత్రం లోపల చెడిపోయినట్టే. తెరవకుండా అలాగే ఫొటో తీయండి.

తూకం విషయంలోనూ చట్టమే కొంత తేడాను అనుమతిస్తుంది. 500 గ్రాముల ప్యాకెట్‌కైనా, కిలో ప్యాకెట్‌కైనా 15 గ్రాముల వరకు, 5 కిలోల సంచికి 75 గ్రాముల వరకు తగ్గితే తప్పు కింద రాదు. కవరు తీసి సరుకు మాత్రమే తూచాలి. లీటరు అనుకుని కొన్న నూనె పౌచ్ మీద అంతకన్నా తక్కువ పరిమాణం ముద్రించి ఉంటే అది మన చూపు లోపమే, ఫిర్యాదుకు పనికిరాదు. ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకుంటే మాత్రం కంపెనీకి కాదు, తూనికలు కొలతల శాఖకు రాయండి.

ఇంతకు మించిన లోపం ఉన్నప్పుడు ఉత్తరం ఈ మాత్రం ఉంటే చాలు:

‘విషయం: 500 గ్రాముల గోధుమ రవ్వ ప్యాకెట్‌లో లోపం, బ్యాచ్ నం. ____. ఈ నెల 4న కాకినాడలోని ____ దుకాణంలో రూ.____కు కొన్నాను. ప్యాక్ చేసిన తేదీ ____. 6న తెరిచేసరికి అడుగు సీలు ఊడి ఉంది, రవ్వ ఉండలు కట్టి పురుగులున్నాయి. ప్యాకెట్ ముందు భాగం, బ్యాచ్ ముద్ర, లోపం కనిపించేలా మూడు ఫొటోలు జత చేశాను. ప్యాకెట్‌ను పారేయకుండా ఉంచాను. మార్చి ఇవ్వండి లేదా డబ్బు వాపసు చేయండి. కారణమేమిటో రాతపూర్వకంగా తెలపండి. 10 రోజుల్లో జవాబు కోసం ఎదురుచూస్తాను.’

తెలుగులో రాసినా అభ్యంతరం ఉండకూడదు. బ్యాచ్ నంబరు, తేదీలు తప్పు లేకుండా ఉంటే సగం పని అయినట్టే. గిఫ్ట్ ప్యాక్ పంపమని మీరే అడగొద్దు. కొన్నదానికి బదులు అడగండి, ఆపైన ఇస్తే అది వాళ్ల ఇష్టం. ‘లక్ష ఇవ్వకపోతే వీడియో పెడతా’ అనే రకం మాటలు అసలే వద్దు. భారతీయ న్యాయ సంహిత 308 సెక్షన్ కింద అది బలవంతపు వసూలు. లోపం నిజమైనా సరే, ఆ ఒక్క వాక్యంతో ఫిర్యాదుదారు నిందితుడైపోతాడు.

కంపెనీ మనిషి ఇంటికొస్తే ప్యాకెట్ మొత్తం అతని చేతిలో పెట్టకండి. కొంత సరుకు, కవరు ఫొటో మీ దగ్గర ఉంచుకుని, ఏం తీసుకెళ్లాడో తేదీ వేసి రాయించుకోండి. ఆ సరుకు తిని ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే దారి వేరు. డాక్టర్ చీటీ, బిల్లులు దాచి, జిల్లా ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేయాలి. ఈలోగా బిస్కెట్ల డబ్బా ఇచ్చి ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు, పెట్టకండి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. చాలా పెద్ద కంపెనీలు దానితో అనుసంధానమై ఉన్నాయి, అందుకే కదలిక వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నవైతే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. ఇది 2020 నాటి ఇ-కామర్స్ నిబంధన. మిక్సీ, ఫ్రిజ్ లాంటి పెద్ద వస్తువుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. రూ.30 బిస్కెట్ ప్యాకెట్ కోసం అంత దూరం వెళ్లమని మాత్రం చెప్పను.

ఉత్త శాంపిల్స్ అడగడం గురించి క్లుప్తంగా చెబుతాను. ‘ఉచిత శాంపిల్, డెలివరీకి రూ.49 మాత్రమే’ అంటే అది అమ్మకం. మీ ఫోన్ నంబరుకే అసలు గిరాకీ. అడగాలనుకుంటే ఇందుకోసం వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి, ఆధార్, పాన్ ఎవరికీ పంపకండి. బంధువుల్లో బాలింతలుంటే పసిపిల్లల పాలపొడి, పాలసీసాల శాంపిల్స్ కోసం రాయొద్దని చెప్పండి. వాటిని ఉచితంగా పంచడాన్ని 1992 నాటి చట్టమే నిషేధించింది.

అడిగి చూడదగ్గది వారంటీ. గడువు దాటిన రెండు మూడు వారాలకే వస్తువు పాడైతే కంపెనీకి ఇవ్వాల్సిన పని లేదు. కానీ ‘గడువులోనే ఈ సమస్యపై ఫలానా తేదీన సర్వీస్ కాల్ పెట్టాను, జాబ్ నంబరు ఇది’ అని చూపగలిగితే బాగుచేయించుకునే అవకాశం బాగా పెరుగుతుంది. సర్వీస్ మెసేజ్‌లను ఫోన్‌లోంచి తుడిచేయకండి.

మిగిలిన ముప్పావు గంట ఎందుకో చూడండి.

మొదట క్రెడిట్ కార్డు వార్షిక రుసుము. రూ.1,000 రుసుము మీద 18 శాతం జీఎస్టీతో రూ.1,180 అవుతుంది. అది స్టేట్‌మెంట్‌లో కనిపించిన వెంటనే ఫోన్ చేసి, రద్దు చేయకపోతే కార్డు మూసేస్తానని చెప్పండి. బ్యాంకు పూర్తిగా తీసేయొచ్చు, లేదా ‘ఇన్ని రోజుల్లో ఇంత ఖర్చు చేస్తే తీసేస్తాం’ అనొచ్చు. ఆ షరతు కోసం అక్కర్లేనివి కొంటే రుసుము కట్టినదానికన్నా నష్టం. మాటలు నడుస్తుండగా గడువు తేదీ దాటనివ్వకండి, ఆలస్య రుసుము పడుతుంది. నిజంగానే మూసేయదలిస్తే ముందు రివార్డు పాయింట్లు వాడేసి, బకాయి సున్నా చేసి, మెయిల్‌లో రాయండి. 7 పనిదినాల్లో మూయకపోతే ఆపై రోజుకు రూ.500 చొప్పున మీకే చెల్లించాలని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన.

ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కోత పడితే, ఆ రోజు కాక 5 రోజుల్లో తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు రూ.100 పరిహారం. 1వ తేదీన పోయిన సొమ్ము 21న వస్తే 15 రోజుల ఆలస్యానికి రూ.1,500. అడగకుండానే జమ చేయాలని నిబంధన ఉన్నా, అసలు వచ్చిందన్న సంతోషంలో పరిహారం సంగతి చాలామంది చూసుకోరు. ఏటీఎం ఏ బ్యాంకుదైనా మీ ఖాతా ఉన్న బ్యాంకుకే రాయాలి. ఏటీఎం ఉన్న చోటు, సమయం, లావాదేవీ నంబరు ఇవ్వాలి. యూపీఐలో మనిషికి పంపిన డబ్బు అతనికి చేరకుండా మీ ఖాతాలో కోత పడితే గడువు ఒక్క రోజే, దుకాణదారుకు చెల్లించినదైతే 5 రోజులు. మీరే తప్పు నంబరుకు పంపితే ఇది వర్తించదు.

గృహరుణం తీరాక అసలు పత్రాలు 30 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకు రూ.5,000. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో తప్పు దిద్దమని రాసిన 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు రూ.100 వస్తుంది. ఆ పూర్తి రిపోర్టు కూడా ఒక్కో క్రెడిట్ బ్యూరో నుంచి ఏడాదికోసారి ఉచితమే. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగున్నాయి కనుక మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకోండి.

మీ ఖాతాలో కనీస నిల్వ లేదని కోతలు పడుతున్నాయేమో చూసుకోండి. పడుతుంటే దాన్ని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అర్జీ ఇవ్వండి. నిల్వ షరతు ఉండదు, ఏటీఎం కార్డుకు రుసుము ఉండదు. అదే బ్యాంకులో మీ పేరిట మరో పొదుపు ఖాతా మాత్రం ఉండకూడదు. వీటిలో దేనికైనా బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సమాచారానికి 14448. బ్యాంకుకు ముందు రాసిన రుజువు లేకపోతే అక్కడ తిప్పి పంపేస్తారు కాబట్టి, బ్రాంచిలో నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు.

రైలు 3 గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే టికెట్ సొమ్ము పూర్తిగా వస్తుంది. రైలు మీ స్టేషన్ నుంచి కదలకముందే టీడీఆర్ (టికెట్ సొమ్ము వాపసు కోరే అర్జీ) పెట్టాలి. ఇంటికెళ్లి తీరిగ్గా పెడదామనుకునేవారికే డబ్బు పోతుంది.

వీటన్నిటికీ ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. రాసిన తేదీ, ఎవరికి, ఫిర్యాదు నంబరు, గడువు, వచ్చిందేమిటి, ఈ ఐదు గళ్లు చాలు. గడువు దాటిన మర్నాడే రెండో మెయిల్‌ను మొదటి మెయిల్ కిందే పెట్టాలి, కొత్తగా మొదలుపెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఒకే కంపెనీకి పదేపదే రాయకండి. మీ నంబరు, చిరునామా, పాత ఫిర్యాదులు వాళ్ల రికార్డులో ఉంటాయి. నాలుగోసారి రాసింది నిజమైన లోపమే అయినా అనుమానంగానే చదువుతారు.