విండోస్‌లో ఫైల్ దొరకట్లేదు, సెర్చ్ కొడితే ఇంటర్నెట్‌లోవి (బింగ్ రిజల్ట్స్) వస్తున్నాయి, ఫార్మాట్ కొట్టాలా?

అన్నా, ముందు ఆ ఫార్మాట్, అంటే డిస్క్ అంతా చెరిపేసే ఆలోచన పక్కన పెట్టండి. మీరు "నాన్నగారి పేరు మీదున్న ఇంటి సేల్ డీడ్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఎప్పుడో స్కాన్ చేసి సిస్టమ్‌లో పెట్టా, ఇప్పుడు లోన్‌కి బ్యాంకు వాళ్ళు అడుగుతున్నారు, స్టార్ట్ మెనూలో పేరు కొడితే లాయర్ల వెబ్‌సైట్లు వస్తున్నాయి తప్ప ఫైల్ రావట్లేదు, సెర్చ్ పాడైనట్టుంది, డాక్యుమెంట్ రైటర్ టైప్ చేసిన ఫైల్ కూడా ఉండొచ్చు" అని రాశారు. సెర్చ్ పాడవ్వలేదు. మీ ఫైల్ ఉన్న చోట అది అసలు వెతకట్లేదు, నాకు తెలిసి తొంభై శాతం కేసులు ఇవే.

నల్లకుంటలో మాకు డీటీపీ (కంప్యూటర్ టైపింగ్, పేజీ డిజైన్), జిరాక్స్ షాపు ఉంది, రోజూ ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి ఫైల్ ఉంది కానీ ఎక్కడుందో తెలీదు అంటారు, అందుకే ఇంత నమ్మకంగా చెప్తున్నా.

విషయం ఏంటంటే విండోస్ ముందుగానే కొన్ని ఫోల్డర్లు తిరిగి వాటి లిస్ట్ ఒకటి రాసి పెట్టుకుంటుంది, దాన్నే ఇండెక్స్ అంటారు, మీరు స్టార్ట్‌లో ఏదైనా కొట్టగానే ఆ లిస్ట్‌లో చూసి చెప్తుంది, అందుకే అంత ఫాస్ట్. మామూలుగా ఆ లిస్ట్‌లో ఉండేది సీ డ్రైవ్‌లో మీ యూజర్ పేరు మీదున్న డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటివే. ఇప్పుడు మన ఊళ్ళో సిస్టమ్స్ ఎలా ఉంటాయో చూడండి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) వెళ్ళి అసెంబుల్ చేయించుకుంటే వాళ్ళు సీ డ్రైవ్ విండోస్‌కి వదిలేసి మిగతాదంతా డీ, ఈ అని ముక్కలు చేసి ఇస్తారు, "సీలో ఏం పెట్టకు అన్నా, విండోస్ పోతే అన్నీ పోతాయి" అని మళ్ళీ జాగ్రత్త కూడా చెప్తారు. అది మంచి సలహానే. మనం బుద్ధిగా అన్నీ డీలో పెట్టుకుంటాం. డీ డ్రైవ్ ఏమో ఇండెక్స్‌లో ఉండదు. ఇంక స్టార్ట్ మెనూకి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి, తన దగ్గర లేకపోయేసరికి బింగ్‌లో దొరికినవి తెచ్చి చూపిస్తుంది.

కాబట్టి స్టార్ట్ మెనూ వదిలేయండి. విండోస్ కీ పట్టుకుని ఇంగ్లీష్ 'ఈ' అక్షరం నొక్కితే ఎక్స్‌ప్లోరర్ వస్తుంది, అందులో డీ డ్రైవ్ లోపలికి వెళ్ళి కంట్రోల్ ఎఫ్ కొట్టండి, కర్సర్ కుడివైపు పైన సెర్చ్ బాక్స్‌లోకి వెళ్తుంది. అక్కడ కొడితే ఇండెక్స్‌లో లేని ఫోల్డర్లు కూడా ఒక్కొక్కటే తెరిచి చూస్తుంది. పైన అడ్రస్ బార్‌లో పచ్చ గీత మెల్లగా పాకుతూ ఉంటుంది, పాత హార్డ్ డిస్క్ అయితే చాయ్ తాగి రావచ్చు, మధ్యలో విసుగొచ్చి క్లోజ్ చేయకండి. ఆ గీత చివరిదాకా వెళ్ళాకే లేదు అని అనుకోవాలి.

ఇప్పుడు ఏం కొట్టాలి అనేది అసలు మేటర్. మీరు సేల్ డీడ్ అని కొడుతున్నారు కానీ ఆ పేరు మీరే పెట్టారని గ్యారంటీ ఏంటి? స్కానర్ ఇచ్చే పేరు స్కాన్ 0001, ఐఎంజీ 0004 ఇలా ఉంటుంది, ఎవరూ మార్చరు. ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకున్నదైతే ఆండ్రాయిడ్‌లో ఐఎంజీ లేదా డాక్ అని మొదలై, తర్వాత ఎనిమిది అంకెల్లో సంవత్సరం, నెల, తేదీ, తర్వాత డబ్ల్యూఏ అని వస్తుంది. ఇంకోటి, స్కాన్ చేసిన పీడీఎఫ్ అంటే లోపల ఉన్నది ఫొటోనే, అక్షరాలు కావు, కాబట్టి నాన్నగారి పేరు కొట్టినా, డాక్యుమెంట్ నంబర్ కొట్టినా ఈ సెర్చ్‌కి దొరకదు. పేరుతో వెతకడం మానేసి టైపుతో, తేదీతో వెతకండి.

నేను చేసేది ఇది, ఇక్కడ తెలుగులో రాస్తున్నా కానీ మీరు బాక్స్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి: (*.పీడీఎఫ్ ఆర్ *.జేపీజీ), బ్రాకెట్లతో సహా. మధ్యలో ఆ ఆర్ అనే పదం (ఓ, ఆర్ రెండక్షరాలు) పెద్ద అక్షరాల్లో ఉండాలి. దాని తర్వాత స్పేస్ ఇచ్చి డేట్‌మాడిఫైడ్:01-04-2021..30-06-2021 అని కొట్టండి, రెండు చుక్కలు మర్చిపోవద్దు, తేదీ మాత్రం మీ టాస్క్‌బార్ మూలన గడియారం కింద ఎలా కనిపిస్తుందో అదే వరసలో ఇవ్వాలి. సంవత్సరం ఊరికే ఉదాహరణకి రాశా, మీరు స్కాన్ చేసిన టైమ్ వేసుకోండి. పక్కాగా గుర్తు లేదా, ఇంట్లో అడగండి, "అక్క పెళ్ళికి ముందా తర్వాతా" అంటే చెప్తారు.

తర్వాత రిజల్ట్స్‌ని ఎక్స్‌ట్రా లార్జ్ ఐకాన్స్‌లో పెట్టండి, పేర్లు చదవక్కర్లేదు, బొమ్మలు చూస్తూ పోవచ్చు. ఈ మధ్యే విద్యానగర్ నుంచి ఒకాయన వాళ్ళబ్బాయి స్టడీ సర్టిఫికెట్ల కోసం వచ్చాడు, ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు స్కాన్ చేశాం అనేది ఒక్కటే ఆయనకి గుర్తుంది. ఆ నెలలు వేసి వెతికితే వందల్లో వచ్చాయి, పెళ్ళి ఫొటోలు, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు, అన్నీ. స్క్రోల్ చేస్తుంటే ఒకచోట వంకరగా తీసిన కాగితం, నీలం రంగు స్టాంపు, అంచు మీద కాగితం పట్టుకున్న బొటనవేలు కూడా పడింది. ఆయన "ఆ వేలు నాదే" అన్నాడు. దాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ కొడితే మిగతా సర్టిఫికెట్లన్నీ అదే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఒక్క పేజీ దొరికితే చాలు.

తేదీల్లో ఒక తిరకాసు ఉంది, ఇది చాలామందికి తెలీదు. పాత సిస్టమ్ నుంచి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్త దాంట్లోకి కాపీ చేశారనుకోండి, మాడిఫైడ్ తేదీ పాతదే ఉంటుంది, క్రియేటెడ్ తేదీ మాత్రం కాపీ చేసిన రోజుది పడుతుంది. అంటే స్కాన్ ఎప్పుడు చేశారో గుర్తుంటే డేట్‌మాడిఫైడ్‌తో, పాత సిస్టమ్ ఎప్పుడు మార్చారో గుర్తుంటే డేట్‌క్రియేటెడ్‌తో వెతకాలి.

పేరుతోనే వెతుకుతా అంటారా, అప్పుడు చుట్టూ స్టార్లు (* గుర్తు, అక్కడ ఏ అక్షరాలున్నా పర్లేదు అని) పెట్టండి. ఇండెక్స్ ఉన్న చోట సెర్చ్ పదం మొదటి నుంచి చూస్తుంది, ఫైల్ పేరు స్పేస్ లేకుండా సేల్‌డీడ్ అని కలిపి ఉంటే మీరు ఉత్త డీడ్ అని కొడితే రాకపోవచ్చు, *డీడ్* అంటే వస్తుంది. మన పేర్ల స్పెల్లింగ్‌లు కూడా తెలిసిందే కదా, లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో రాస్తే ఇంకొకరు కే ఎస్ హెచ్‌తో రాస్తారు, మధ్యలో స్టార్ పెడితే రెండూ వస్తాయి.

డీ డ్రైవ్‌ని పర్మనెంట్‌గా లిస్ట్‌లో చేర్చాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ ఓపెన్ చేసి మాడిఫై కొట్టి మీ డాక్యుమెంట్స్ ఉన్న ఫోల్డర్‌కి టిక్ పెట్టండి. సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది మొత్తం సిస్టమ్‌ని ఇండెక్స్ చేస్తుంది, యూట్యూబ్ వాళ్ళందరూ అదే ఆన్ చేయమంటారు, ఎస్‌ఎస్‌డీ (కొత్త రకం స్పీడ్ డిస్క్) ఉంటే ఓకే కానీ పాత హార్డ్ డిస్క్ సిస్టమ్‌కి నేనైతే వద్దంటా, మొదట్లో మెషిన్ బాగా స్లో అయిపోతుంది. ఏది చేసినా వెంటనే రిజల్ట్ రాదు, మీరు పని చేసుకుంటుంటే అది స్పీడ్ తగ్గించుకుంటుంది, కాబట్టి రాత్రి ఆన్‌లో వదిలేసి పొద్దున చూసుకోండి.

తెలుగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే డాక్యుమెంట్ రైటర్ టైప్ చేసిన ఫైల్ కూడా ఉండొచ్చన్నారు. అది యూనికోడ్‌లో (ఫోన్‌లో టైప్ చేసే మామూలు తెలుగు), వర్డ్‌లో చేసుంటే విండోస్ కీ, స్పేస్ కొట్టి తెలుగు కీబోర్డ్‌కి మారి తెలుగులోనే వెతకొచ్చు. కానీ మా లాంటి డీటీపీ షాపుల్లో ఎక్కువగా పేజ్‌మేకర్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో చేస్తారు, అందులో స్క్రీన్ మీద తెలుగు కనిపించినా లోపల ఉండేది ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులే. దస్తావేజు అని తెలుగులో ఎంత కొట్టినా అది దొరకదు. దానికి *.పీఎండీ, ఇంకా పాతదైతే *.పీ65 అని ఫైల్ టైపుతోనే వెతకాలి.

ఇవేవీ పని చేయకపోతే కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు టైప్ చేసే నల్ల విండో) తెరిచి డిర్ డీ:\*డీడ్* /ఏ /ఎస్ /బీ అని కొట్టండి, ఇదీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే. దానికి ఇండెక్స్‌తో సంబంధం లేదు, హిడెన్‌లో ఉన్నవి కూడా పూర్తి అడ్రస్‌తో సహా చూపిస్తుంది, నాకు ఎక్స్‌ప్లోరర్ కంటే దీని మీదే నమ్మకం ఎక్కువ.

ఇంకో మాట, ఇంట్లో స్కానర్ లేకపోతే బయట చేయించి ఉంటారు కదా, మేమైతే స్కాన్‌లు కస్టమర్ మెయిల్‌కే పంపిస్తాం. జీమెయిల్ సెర్చ్‌లో హ్యాజ్:అటాచ్‌మెంట్ ఫైల్‌నేమ్:పీడీఎఫ్ అని కొట్టి, బిఫోర్:2021/07/01 లాగా తేదీ కూడా ఇచ్చి చూడండి, అక్కడ సంవత్సరం ముందు రావాలి. మీది విండోస్ 10 ఆ 11 ఆ, స్కాన్ ఇంట్లో చేశారా బయట చేయించారా అనేది కింద కామెంట్‌లో పెట్టండి, షాపు కట్టేశాక చూసి చెప్తా.