ఉగ్రవాద సంస్థలో చేరితే రద్దయ్యేది పాస్‌పోర్టా, పౌరసత్వమా?

రెండూ వేర్వేరు. పాస్‌పోర్టు ప్రయాణ పత్రం మాత్రమే. దాన్ని రద్దు చేస్తే విదేశాలకు విమానం ఎక్కలేరు గానీ పౌరులుగానే ఉంటారు. పౌరసత్వం తీసేయడం అంత తేలిక కాదు. ఎవరూ ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోకూడదని 1961లో ఐరాస ఒప్పందం ఒకటి కుదిరింది. అందుకే చాలా దేశాలు ద్వంద్వ పౌరసత్వం ఉన్నవాళ్ల విషయంలోనే ఈ పని చేస్తాయి.

షమీమా బేగం కేసు చూడండి. 2015లో, 15 ఏళ్ల వయసులో, ఐసిస్‌లో చేరేందుకు లండన్ నుంచి సిరియా వెళ్లింది. 2019లో బ్రిటన్ హోం మంత్రి ఆమె పౌరసత్వం రద్దు చేశారు. తల్లిదండ్రుల వైపు నుంచి బంగ్లాదేశ్ పౌరసత్వం ఉందిగా అన్నది ప్రభుత్వ వాదన. బంగ్లాదేశేమో మాకు సంబంధం లేదు పొమ్మంది! 2024లో అప్పీలు కోర్టూ రద్దునే సమర్థించింది.

నేరం రుజువు కాకుండానే మంత్రి సంతకంతో ఇది జరిగిపోవడం నాకైతే మింగుడుపడదు. ఆస్ట్రేలియా హైకోర్టు 2022లో ఇలాంటి అధికారాన్నే కొట్టేసింది, శిక్ష వేయడం కోర్టుల పని అంటూ.